మొండితనం, నిబ్బరం

(వుడ్‌ల్యాండ్స్‌లో తెలుగు సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతులం. మా తెలుగు సాయంకాలపు తరగతిలో, నలభై దాటిన తర్వాత నేర్చుకున్నది. కనుక భాషలో తప్పులుంటే మన్నించండి. విషయంలో తప్పుంటే మాత్రం మన్నించవద్దు, లేచి అడగండి.

కార్యదర్శిగారు మమ్మల్ని పిల్లల ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎందుకన్నారో మీలో చాలామందికి తెలుసు. క్రిందటి నెల మన కుటుంబాల ఆటలపోటీలో పన్నెండేళ్ళ పిల్లవాడొకడు మోకాలు పట్టుకొని గడ్డిలో కూర్చుండిపోయాడు. వాళ్ళ తాతగారు "లేరా, ఈ మాత్రానికేనా? మా రోజుల్లో అయితేనా..." అన్నారు. వాళ్ళమ్మ "వద్దు మామయ్యగారూ, కాసేపు కూర్చోనివ్వండి" అన్నది. ఆ రెండు మాటల మధ్య పుట్టిన వాదం భోజనాల దాకా సాగింది. ఈ కాలపు పిల్లలు మెత్తబడిపోయారని ఒక పక్షం. పిల్లల ఎముకలు విరగ్గొట్టి కప్పులు తెచ్చుకుంటామా అని రెండో పక్షం. ఆ రోజు మమ్మల్ని కూడా అడిగారు. మేము అన్నం కలుపుకుంటూ తల వంచుకొని ఊరుకున్నాము. ఎందుకు ఊరుకున్నామో చివర చెబుతాము.

మా తెలుగు తరగతిలో ఒకసారి "టఫ్" అనే మాటకు తెలుగేమిటని ప్రశ్న వచ్చింది. ఒకరు మొండి అన్నారు. ఇంకొకరు గట్టి అన్నారు. రాటుదేలినవాడు, ఓర్పుగలవాడు, చేవగలవాడు, నిబ్బరంగలవాడు, ఇలా జవాబులు వచ్చాయి. ఇంగ్లీషులో ఒక్కమాటగా కనిపించేది తెలుగులో ఇన్ని మాటలయింది. ఇవన్నీ ఒకటి కావు. మొండివాడు దెబ్బ తగిలినా ఆగడు. రాటుదేలినవాడికి దెబ్బ అలవాటయిపోయింది. నిబ్బరంగలవాడికి దెబ్బ తగిలిందని తెలుసు, నొప్పీ తెలుసు, అయినా తెలివి చెదరకుండా ఇప్పుడేం చేయాలో చూసుకుంటాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని మన పెద్దలన్నారు. నిజమే. కాని రాజుకంటే బలవంతుడికి మంచి చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

ఈ వాదం మన సింగపూరుదే కాదు. ఇది అన్నిటికంటే గట్టిగా సాగే చోటు ఆస్ట్రేలియా. మనలో చాలామందికి పెర్త్‌లోను మెల్‌బోర్న్‌లోను చుట్టాలున్నారు. అక్కడి పిల్లలు ఆడే ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతి, అదే ఆకారపు పెద్ద మైదానం. జట్టుకు 18 మంది. ఇరవై నిమిషాల పైచిలుకు సాగే భాగాలు నాలుగు. తలకు రక్షణ లేదు, ఒంటికి మెత్తలు లేవు. బంతి పట్టినవాణ్ణి పట్టి నేలకు పడవేయవచ్చు. బంతి అందుకోవడానికి ఎదుటివాడి భుజాల మీదికి ఎగరవచ్చు. ఏటేటా దేశంలోని పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లల్లో మంచి ఆటగాళ్ళను క్లబ్బులు వరుసగా ఎంచుకుంటాయి. మొదటి పేరుగా పిలిపించుకున్న పిల్లవాడు ఆ రాత్రి నుంచే దేశం మొత్తం అడిగే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి: వీడికి ఆట వచ్చు సరే, వీడిలో చేవ ఉన్నదా?

2013లో అలా మొదటి పేరుగా వచ్చినవాడు టామ్ బాయిడ్. గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టు అతణ్ణి ఎంచుకున్నది. ఒక్క ఏడాది తిరిగేసరికి వెస్టర్న్ బుల్‌డాగ్స్ వారు పెద్ద మొత్తం ఇచ్చి తీసుకున్నారు. అంత డబ్బుకు తగినవాడా అని పత్రికలు, అభిమానులు అతణ్ణి తూకం వేస్తూనే ఉన్నారు. 2016 తుదిపోటీలో అతడు మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టుకు 62 ఏళ్ళ తర్వాత విజేత జెండా దక్కింది. ఇక మాట్లాడేవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయనుకుంటాం. కాని 2017లో మనసు బాగాలేదని అతడు ఆట నుంచి కొంతకాలం తప్పుకోవలసివచ్చింది. 2019 మే నెలలో, 23 ఏళ్ళ వయసులో, ఆటకే స్వస్తి చెప్పాడు. చేవ లేదని అతణ్ణి ఎవరైనా అనగలరా? లక్షమంది ముందు తుదిపోటీ గెలిపించినవాడు! లోపం అతని చేవలో లేదు. పద్దెనిమిదేళ్ళ భుజం మీద ఎంత బరువు పెట్టవచ్చునో చూసుకోని పెద్దలలో ఉన్నది.

అదే ఆటలో గ్రాహమ్ ఫార్మర్ అని మహా ఆటగాడు ఉండేవాడు. అభిమానులు పాలీ అని పిలిచేవారు. ఆయన 2019లో పోయాడు. మరణానంతరం మెదడును పరీక్షిస్తే, తలకు పదేపదే తగిలిన దెబ్బల వలన వచ్చే జబ్బు బయటపడింది. ఆ ఆటలో పెద్ద స్థాయి ఆటగాడిలో ఆ జబ్బును నిర్ధారించడం అదే మొదటిసారి. తలకు దెబ్బ తగిలినా లేచి ఆడితే ఒకప్పుడు మైదానమంతా లేచి చప్పట్లు కొట్టేది. 2021 నుంచి ఆ లీగులో తలదెబ్బతో మెదడు అదిరిన ఆటగాడు కనీసం 12 రోజులు గడవనిదే తిరిగి పోటీలో దిగరాదు. ఆట మెత్తబడలేదు. ఈనాటికీ అందులో ఎముకలు విరుగుతూనే ఉన్నాయి. మొండితనానికీ ధైర్యానికీ ఉన్న తేడాను వాళ్ళు ఆలస్యంగానైనా గుర్తించారు.

మెల్‌బోర్న్ అన్నాము గనుక మన తెలుగునేల సంగతి ఒకటి చెప్పాలి. 1956లో ఒలింపిక్స్ జరిగినది ఆ నగరంలోనే. ఆస్ట్రేలియా వాళ్ళు తమ సొంత ఫుట్‌బాల్‌ను అప్పుడు ప్రదర్శనగా ఆడి ప్రపంచానికి చూపించారు. ఆ ఒలింపిక్స్‌లోనే భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీద 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కూడా మాలాగే బడిపంతులు. ఈ మాట చెప్పుకునేటప్పుడు మాకు కాస్త గర్వంగా ఉంటుంది.

రహీం సాహెబు పిల్లలను ఎలా పెంచారు? డ్రిబ్లింగు చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టారు. బంతి తగలగానే తోటివాడికి అందించాలి. చేతకాని కాలితోనే ఆడాలనే నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. అంటే పిల్లవాడి బలహీనతను దాచిపెట్టనివ్వకుండా, వెక్కిరించకుండా, దానికే ఒక ఆట కల్పించారు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం బీదయింటి కుర్రవాడు. సాధనకు రావడానికి దూరం, డబ్బు లేదు. సైకిలు అద్దెకు రహీం సాహెబే డబ్బిచ్చారని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ కుర్రవాడే 1956లో ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. "నాకు కావాలంటే నడిచి రా, అప్పుడు నీ పట్టుదల తెలుస్తుంది" అని ఆయన అనలేదు. కుర్రవాడి కాళ్ళను రోడ్డు మీద అరగదీయకుండా మైదానం కోసం దాచారు.

ఇక 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మనకు సముద్రం అవతలి ఊరే. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమయింది. కుట్లు పడ్డాయి. అతణ్ణి వెనుక రక్షణలో నుంచి తీసి ముందువరుసలో ఆడించారు. అతడు సెమీఫైనల్‌లోను, ఫైనల్‌లోను గోలు కొట్టాడు. ప్రేక్షకులు మన జట్టుకు ఎదురుగా అరుస్తుండగా దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. రహీం సాహెబు అప్పటికే క్యాన్సరుతో ఉన్నారు. 1963 జూన్‌లో పోయారు.

ఈ కథ విని మన తాతగార్లు "చూశారా!" అంటారని మాకు తెలుసు. మేము కూడా జర్నైల్ సింగ్‌కు చేతులెత్తి మొక్కుతాము. అయితే ఒక్క మనవి. అతడు పసివాడు కాదు. దేశపు జట్టులో ఆరితేరిన మగవాడు. తన శరీరాన్ని తాను పణం పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళ పిల్లవాడి మోకాలిని పణం పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

"సరే, సైన్యానికి పోతాడుగా, అక్కడ గట్టిపడతాడులే" అనే మాట కూడా ఆ రోజు వినిపించింది. మన మగపిల్లలందరూ పద్దెనిమిది దాటాక జాతీయ సేవకు వెళ్ళేవాళ్ళే. వెళ్ళి వచ్చినవాళ్ళను అడగండి. మొదటి రోజునే పూర్తి బరువు మోయించి పూర్తి దూరం నడిపిస్తారా? లేదు. బరువు, దూరం వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుతారు. ఎండలో సాధనకు ముందు వరుసలో నిలబెట్టి ఆజ్ఞ మీద నీళ్ళు తాగిస్తారు. నీ పక్కవాడు తూలితే కేక వెయ్యమని నేర్పుతారు. గట్టిదనం నేర్పడమే పనిగా పెట్టుకున్న సైన్యం కూడా ఇంత లెక్కగా నేర్పుతుంటే, ఆదివారం నాటి ఆటలో మనం లెక్క లేకుండా ఎందుకుండాలి?

ఇప్పుడు మన వుడ్‌ల్యాండ్స్ దగ్గరికే వద్దాము. సింగపూరు స్పోర్ట్స్ స్కూలు 2004లో ఇక్కడే మొదలయింది. పిల్లలు హాస్టలులో ఉంటారు, సాధనా చదువూ ఒకేచోట. పెనాంగ్‌లో పుట్టిన లో కీన్ యూ అనే కుర్రవాడు ఆ బడికి వచ్చి బ్యాడ్మింటన్‌లో పైకి వచ్చాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో గ్రూపు దశ కూడా దాటలేకపోయాడు. తర్వాత దుబాయి వెళ్ళి, ఒలింపిక్ విజేత విక్టర్ అక్సెల్సెన్‌తో కలిసి సాధన చేశాడు. తనకంటే పైవాడి దగ్గరికి వెళ్ళి రోజూ ఓడిపోతూ నేర్చుకోవడం చిన్న ధైర్యం కాదు. అదే ఏడాది డిసెంబరులో స్పెయిన్‌లోని హ్యుయెల్వాలో ప్రపంచ పోటీలు. మొదటి ఆటలోనే ఆ అక్సెల్సెన్‌ను ఓడించి, చివరిదాకా వెళ్ళి, ప్రపంచ విజేత అయ్యాడు. ఈ దేశానికి ఆ పట్టం అదే మొదటిది.

తుదిపోటీలో అతనికి ఎదురు నిలిచినవాడెవరు? రావులపాలెంలో పుట్టిన మన కిడాంబి శ్రీకాంత్! 21-15, 22-20. ఆ రాత్రి మన ఇళ్ళలో ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియలేదు. తాతగార్లు శ్రీకాంత్ వైపు, మనవలు కీన్ యూ వైపు. మా ఇంట్లో టీవీ ముందు ఒకే సోఫాలో రెండు దేశాలు కూర్చున్నాయి.

శ్రీకాంత్ కథ విన్నారా? 2014 జూలైలో హైదరాబాదు గోపీచంద్ అకాడమీలో అతడు స్పృహ తప్పి పడిపోయాడు. మెదడుకు సోకిన జ్వరం. తోటివాళ్ళు చూసి ఆసుపత్రికి చేర్చారు. ఆ నవంబరులోనే చైనాలో, చైనా వీరుడు లిన్ డాన్‌ను ఓడించి పతకం పట్టుకొచ్చాడు. 2017లో నాలుగు సూపర్ సిరీస్ పోటీలు గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచంలో మొదటి స్థానం. ఆ తర్వాత గాయాలు, ఓటములు. టోక్యో ఒలింపిక్స్‌కు అర్హతే రాలేదు. అయినా అదే ఏడాది చివర, ప్రపంచ పోటీల తుదిమెట్టు ఎక్కిన తొలి భారతీయ పురుషుడయ్యాడు. 2022లో థామస్ కప్పు భారతదేశానికి మొదటిసారి వచ్చినప్పుడు తాను ఆడిన ఆటలన్నీ గెలిచాడు.

ఈ ఇద్దరినీ చూడండి. నొప్పి తెలియనివాళ్ళు కారు. పడినవాళ్ళు, ఓడినవాళ్ళు, లేచినవాళ్ళు. లేవడానికి సమయమిచ్చినవాళ్ళు వాళ్ళ చుట్టూ ఉన్నారు. నిబ్బరమంటే ఇదేనని మా అభిప్రాయం. అది ఒంటరివాడికి దొరికే వస్తువు కాదు.

ఇంకొక సంగతి పంతుళ్ళుగా చెబుతాము. ఒకే తరగతిలో జనవరిలో పుట్టిన పిల్లవాడూ ఉంటాడు, డిసెంబరులో పుట్టినవాడూ ఉంటాడు. ఇద్దరికీ దాదాపు ఏడాది తేడా. పదకొండేళ్ళ వయసులో ఆ ఏడాది అంటే గుప్పెడు కండ, జానెడు పొడవు. జట్టు ఎంచేటప్పుడు పెద్దవాడు గట్టివాడుగా, చిన్నవాడు పిరికివాడుగా కనిపిస్తాడు. చాలా దేశాల్లో, చాలా ఆటల్లో పిల్లల జట్లను లెక్కవేస్తే ఏడాది మొదట్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా తేలారు. మనం చేవ అనుకున్నది కొన్నిసార్లు పుట్టినరోజు మాత్రమే. చెట్టులో చేవ కూడా ఏళ్ళమీద లోపల పట్టేదే గాని, పైకి మొక్కను చూసి చెప్పగలిగేది కాదు.

ఇక మేము ఆ రోజు ఎందుకు ఊరుకున్నామో చెబుతాము.

ముప్పై ఏళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక బడిలో ఫుట్‌బాల్ జట్టు చూసుకునేవాళ్ళం. కుడిపక్క ఆడే పిల్లవాడొకడు ఉండేవాడు. పద్నాలుగేళ్ళు. వాడు బంతి తీసుకొని పరుగెత్తితే ఇతర బళ్ళ పంతుళ్ళు కూడా మాటలాపి చూసేవారు. ఆ ఏడు పోటీల మధ్యలో వాడు మోకాలు నొప్పి అన్నాడు. మేము మంచు పెట్టి, గుడ్డ కట్టి, "ఇంకా రెండు ఆటలే గదా, ఓర్చుకో, మగపిల్లవాడివి" అన్నాము. వాడు మళ్ళీ నొప్పి మాట ఎత్తలేదు. మేము సంతోషించాము. గట్టిపడ్డాడనుకున్నాము. కప్పు గెలిచాము. తుది ఆట చివర్లో వాడు కింద పడి లేవలేదు. రెండుసార్లు ఆపరేషను అయింది. మళ్ళీ ఆడలేదు.

చాలా ఏళ్ళకు వాడు అంగడివీధిలో కనిపించాడు. పక్కన కూతురు. "చేర్!" అని ఇక్కడి పిల్లలు పిలిచినట్టే పిలిచి, మాకు కాఫీ ఇప్పించాడు. మేము క్షమాపణ చెప్పబోయాము. వాడు నవ్వి, "అదేం లేదు చేర్. ఒక్కటి మాత్రం అడుగుతా. అప్పుడు ఇంకా నొప్పిగా ఉందని చెప్పి ఉంటే, నన్ను జట్టులో ఉంచేవారా?" అన్నాడు.

మేము జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ఉంచేవాళ్ళం కాదు. వాడికా సంగతి పద్నాలుగేళ్ళకే తెలుసు. వాడు చూపింది గట్టిదనం కాదు, మా మీద భయం. కప్పు మాత్రం ఇంకా ఏ అద్దాల బీరువాలోనో ఉండి ఉంటుంది.

అందుకే ఆ రోజు భోజనాల దగ్గర మాట పెగలలేదు. ఇప్పుడు చెబుతున్నాము.

పదికీ పదిహేనుకూ మధ్య, ఎముకలు పెరిగే వయసులో, పరుగులు గెంతులు ఎక్కువైన పిల్లలకు మోకాలిచిప్ప కింద నొప్పి వస్తుంది. అది నాటకం కాదు. ఎక్కువమందిలో ఆట తగ్గించి కొంతకాలం ఆగితే సర్దుకుంటుంది. అలసట వేరు, కీలు నొప్పి వేరు. అలసిన పిల్లవాణ్ణి ఇంకో చుట్టు పరుగెత్తమనవచ్చు. కుంటుతున్నవాణ్ణి ఆపాలి. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఆ రోజుకు ఆట నుంచి తీసేసి డాక్టరుకు చూపాలి. వాడు ఏడ్చినా సరే, మనం ఓడినా సరే.

అలాగని మేము అమ్మల పక్షం పూర్తిగా తీసుకోవడం లేదు. పిల్లవాణ్ణి వానకూ ఎండకూ దాచి, ఓడిన రోజున అంపైరును తిట్టి, బూట్లు మనమే మోస్తే వాడికి నిబ్బరం ఎక్కడి నుంచి వస్తుంది? వేళకు రావడం, చేతకాని కాలితో సాధన చేయడం, ఓడి ఎదుటివాడికి చేయి కలపడం, బెంచీ మీద కూర్చోబెట్టినా మర్నాడు మళ్ళీ రావడం, ఇవి కఠినంగానే అడగండి. మేమూ అడుగుతాము. నొప్పిని దాచమని మాత్రం అడగవద్దు.

తాతగార్లకు ఒక్క మాట. మన పెద్దలు మలయా రబ్బరు తోటల్లో తెల్లవారకముందే లేచి, చీకట్లో చెట్లు గీసి మనల్ని ఇంతవాళ్ళను చేశారు. ఆ కష్టానికి మనం జన్మంతా ఋణపడి ఉన్నాము. అయితే వాళ్ళు ఆ కష్టాన్ని గొప్ప అనుకొని పడలేదు. వేరే దారి లేక పడ్డారు. మా అవ్వ ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు "మా పిల్లలకీ బాధ వద్దు" అనే చెప్పింది గాని, "మీరూ పడండి" అని ఒక్కనాడూ అనలేదు.

మోకాలు పట్టుకొని కూర్చున్న ఆ పిల్లవాడు ఈ సభలోనే, మూడో వరుసలో వాళ్ళ తాతగారి పక్కనే కూర్చొని ఉన్నాడు. డాక్టరు కొన్ని వారాలు పరుగు మానమన్నారట. పోయిన ఆదివారం మైదానం పక్కన నిలబడి తోటివాళ్ళకు బంతులు అందించాడు. వాళ్ళ తాతగారే గొడుగు పట్టి తీసుకొచ్చారు. మేము ఇప్పుడు సాధనకు ముందు ప్రతి పిల్లవాణ్ణీ "ఈ రోజు ఎక్కడ నొప్పి?" అని అడుగుతున్నాము. మొదట్లో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడిప్పుడే చెబుతున్నారు.